జేజి ఎక్కని కారు

పోయిన నెల మా అమ్మాయి కారు కొంది. రోజూ ఆఫీసుకు పోయి రావడానికి, ఆదివారం కూరగాయలు తెచ్చుకోవడానికి పనికొచ్చే చిన్న కారు. షోరూము నుంచి ఇంటికి రాకముందే దాన్ని కడప బజారులో కార్ల సామాన్లు అమ్మే అంగడికి తీసుకుపోయింది. "నువ్వూ రామ్మా, సీట్ల సంగతి నీకంటే ఎవరికి తెలుసు" అంది. పరుపులంగడి వాళ్ళింట పుట్టాను కాబట్టి కుట్టు చూసి నాణ్యం చెప్పగలనని దాని నమ్మకం.

అంగడతను మాటకారి. సీట్లకు కవర్లు, కాళ్ళ కింద మ్యాట్లు, స్టీరింగుకు తొడుగు, తలుపులకు అంచులు, వెనకాల కెమెరా అని ఒక్కొక్కటే తీసి ముందు పెడుతున్నాడు. ఏది వద్దన్నా "అది లేకుంటే బండి బోసిగా ఉంటాదమ్మా" అంటాడు. బోసిగా ఉంటే బండి నడవదా అని అడగబోయి ఊరుకున్నాను. చివరికి ఒక సెంటు సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"సముద్రం వాసనమ్మా. ఇప్పుడు శానామంది ఇదే అడగతాండారు."

పెన్నలో నాలుగు రోజులు నీళ్ళు పారితే చూడ్డానికి పిల్లల్ని వెంటబెట్టుకుని పోయేవాళ్ళం మేము. మాకు సముద్రం వాసన ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ వాసనకు నా కడుపులో ఏమీ కాలేదు గానీ, అలాంటి వాసనకే కడుపు తిప్పి నడిబజారులో కారు దిగేసిన మనిషి ఒకామె గుర్తొచ్చింది. మా జేజి, నాయన వాళ్ళమ్మ.

"బాబూ, కాటన్ కవర్లేమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"కాటనా? ఇప్పుడెవరేసుకుంటారమ్మా" అని నవ్వాడు. మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. నేను బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాను.

మాది దూదేకేవాళ్ళ ఇల్లు. ముందు అంగడి, వెనక ఇల్లు, రెండింటి నిండా దూది. అన్నంలో దూది, జడలో దూది, నమాజు చాప మడతల్లో దూది. మా జేజినాయన, అంటే జేజి మొగుడు, మనిషెత్తు విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేవాడట. పాత పరుపులు విప్పి, గడ్డ కట్టిన దూదిని ఏకి, మళ్ళీ పరుపు కుట్టి ఇచ్చేవాడట. ఆ విల్లు నారిని కొయ్యగుండుతో కొడితే టంయ్ టంయ్ మని వీధి చివరిదాకా వినిపించేదట. ఆ మోత వినగానే ఆడవాళ్ళు పరుపులు బయటికి మోసుకొచ్చేవాళ్ళట. ఇవన్నీ నేను విన్నవే. నేను పాకే వయసులో ఉండగానే ఆయన పోయాడు.

నాయన చేతికి అంగడి రాగానే విల్లు అటకెక్కింది. నాయన స్పాంజి తెచ్చాడు, రెగ్జిన్ తెచ్చాడు, కుట్టు మిషన్లు తెచ్చాడు. పరుపుల పని తగ్గించి జీపు సీట్లు, లారీ సీట్లు కుట్టసాగాడు. మంగంపేట గనుల్లో తిరిగే జీపులు మా గుమ్మం ముందు వరసగా నిలబడేవి. వాటి మీదినుంచి ముగ్గురాయి పొడి తెల్లగా రాలేది. నేనూ తమ్ముడూ దాన్ని గోకి పోగు చేసి ఎదురింటి రెడ్డమ్మ వాకిట్లో వంకర టింకర ముగ్గులేసి తిట్లు తినేవాళ్ళం.

జేజి ఈ మార్పులకు అడ్డం చెప్పలేదు. కానీ స్పాంజి మీద కూర్చునేది కాదు. జేజినాయన ఆఖరుగా కుట్టిన పరుపు ఆమె మంచం మీద ఉండేది. నెలకోసారి దాన్ని మిద్దె మీద ఎండేసి, కట్టెతో కొట్టి, పొద్దు వాలకముందే తనే కిందికి మోసుకొచ్చుకునేది. మమ్మల్ని చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. పాత గిరాకీలు ఎవరైనా వచ్చి "మీవాడు ఏకేది మానేసినాడా?" అని అడిగితే ఆమెది ఒకటే జవాబు.

"ఏకేవాడు మా ఆయనతోనే పాయ. వీడు మిషను తొక్కేవాడు."

ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాయన మిషను ఇంకా వేగంగా తొక్కేవాడు.

జేజికి బండ్లు పడవు. ఒకప్పుడు బద్వేలులో ఉన్న వాళ్ళక్కను చూడ్డానికి జేజినాయనతో కలిసి బస్సెక్కిందట. పెన్న దాటి లంకమల అడవిలో మెలికలు మొదలుకాగానే పక్కనున్న పెద్దమనిషి కొత్త పంచె మీద వాంతి చేసుకుందట. కండక్టరు బస్సు ఆపి ఇద్దరినీ అడవిలోనే దించేసి పోయాడు. అప్పుడు వరిగడ్డి వేసుకుని పోతున్న ఎద్దులబండి ఒకటి దొరికింది. ఆ గడ్డి మీద పడుకుని బద్వేలుదాకా హాయిగా నిద్రపోయానని జేజి చెప్పేది. ఆ తర్వాత ఆమె బస్సు గడప తొక్కలేదు.

అందుకని వాళ్ళక్కే ఏటా వచ్చేది. ఆమెను మేము పెద్దజేజి అనేవాళ్ళం. సీతాఫలాల కాలం రాగానే గంపెడు లంకమల కాయలతో బస్సు దిగేది. చెనిక్కాయల ఉండలు కూడా తెచ్చేది, అవి మా పాలిటికి. ఉన్న పది రోజులూ అక్కాచెల్లెళ్ళు జేజి పరుపు మీద తలా ఒక వైపు తల పెట్టుకుని పడుకుని, చిన్నప్పుడు ఎవరు ఎవరి కమ్మలు పారేశారన్న తగువు తెగకుండా మాట్లాడుకునేవాళ్ళు. మేము మంచం కింద దూరి సీతాఫలాల గింజలు ఉమ్ముకుంటూ వినేవాళ్ళం.

ఆ ఏడు సీతాఫలాలు వచ్చాయి గానీ పెద్దజేజి రాలేదు. గంప మోసుకుని వాళ్ళబ్బాయి వచ్చాడు, మాకు పెదనాయన అవుతాడు. గంప దించి నిలబడే చెప్పాడు.

"అమ్మ బచ్చలింట్లో జారి పడింది చిన్నమ్మా. తుంటెముక ఇరిగింది. కదిలీవద్దన్నారు డాక్టర్లు. వయసు మీదపడింది, అతకదంటాండారు. ఆమెది ఒకటే మాట, చెల్లెల్ను ఒకసారి చూపీండి అని."

జేజి గంపలోంచి ఒక కాయ తీసి నొక్కి చూసి మళ్ళీ గంపలోనే పెట్టింది.

"ఎద్దులబండి మాట్లాడండి. రేపే పోతా" అంది.

"ఎద్దులబండి యాడుండాదమ్మా ఇప్పుడు?" అన్నాడు నాయన. "అడవిలో రెండు దినాలు తోలేవాడు ఎవడుండాడు?"

"అట్లయితే నడిచిపోతా."

"ఉండమ్మా. నీకోసరం కారు తెస్తా. కొత్త కారు. ఇంట్లో కూసున్నట్టే పోతావు సూడు."

జేజి కోసమే అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, అలాగని పూర్తిగా నిజమూ కాదు. కారుకు నాయన పేరు రాయించి అప్పటికే ఏడాదైంది. కారు బొమ్మ ఉన్న కేలండరు, నెలలన్నీ అయిపోయినా, అంగడి గోడకు వేలాడుతూనే ఉంది. ఆయన అదృష్టమో జేజి అదృష్టమో, ఆ వారంలోనే వంతు వచ్చింది.

తెల్ల కారు. మా వీధిలో అదే మొదటిది. ఎదురింటి రెడ్డమ్మ గుమ్మడికాయ తిప్పి పగలగొట్టింది. దర్గా నుంచి వచ్చిన ముజావరు నెమలీకల కట్టతో బానెట్టు తుడిచి ఫాతెహా చదివాడు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బండి కదిలితే మూడే చిట్లాయి. నాలుగోది ఏమైందని పెద్దలంతా వంగి వంగి వెతికారు. అది ఉప్పూకారంతో కలిసి మా తమ్ముడి కడుపులో ఉన్నట్టు నాకొక్కదానికే తెలుసు.

కొన్న మర్నాటి నుంచి నాయన దాన్ని సింగారించడం మొదలుపెట్టాడు. పెద్దజేజి సంగతి మరిచిపోయాడని కాదు. అమ్మ మొదటిసారి ఎక్కే బండి బోసిగా ఉండకూడదన్నాడు. మెరూను రంగు రెగ్జిన్‌తో, తెల్ల అంచుతో సీటు కవర్లు తనే కుట్టాడు. లోపల స్పాంజి రెండింతలు మందం పెట్టాడు, దాంతో కూర్చుంటే ఆయన తల పైకప్పుకు తగిలేది. కవర్లు మాసిపోతాయని వాటి మీద ప్లాస్టిక్ కాగితం పరిచాడు. కింద రబ్బరు మ్యాట్లు, అద్దాలకు నల్ల ఫిల్ము, కుచ్చుల తెరలు, చిన్న ఫ్యాను. వెనక్కి తోలితే పాట పాడే హారను. మేము అది వినడానికి నాయన లేనప్పుడు గేరు కర్రను లాగి లాగి చేతి మీద దెబ్బలు తిన్నాం. అన్నిటికంటే నాకు నచ్చింది స్టీరింగు ముందు అతికించిన కిరీటం ఆకారపు సెంటు సీసా. పచ్చటి నీళ్ళు. దాంట్లో వేలు ముంచి జడ కుచ్చులకు పూసుకుని బడికి పోతే, టీచరమ్మ నన్ను కిటికీ పక్కకు మార్చింది.

ఆ కారు అంగడి ముందు నిలబడి ఉంటే జీపుల వాళ్ళూ, డాక్టర్లూ, కాంట్రాక్టర్లూ ఆగి సీట్లు నొక్కి చూసేవాళ్ళు. ఇట్లాంటివే మాకూ కుట్టియ్యప్పా అనేవాళ్ళు. నాయన మెడ నిటారుగా నిలబడిన రోజులవి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా నాయన ముందు రచ్చ గెలిచాడు.

ప్రయాణం రోజు అమ్మ పొద్దున్నే పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. జేజి వాటిని గుడ్డలో మూటగట్టుకుంది, తను మాత్రం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తెల్ల చీర కట్టుకుని సీట్లో కూర్చుంటే కింద ప్లాస్టిక్ కిర్రుమంది. నీళ్ళ చెంబుతో నేను పక్కన కూర్చున్నాను. దుమ్ము పడుతుందని నాయన అద్దాలన్నీ ఎక్కించాడు. పాత బస్టాండు మలుపు తిరక్కముందే జేజి నా చెయ్యి పట్టుకుంది. తర్వాత నోరు పట్టుకుంది.

"ప్లాస్టిక్ ఉండబట్టి సరిపాయ" అన్నాడు నాయన బండి ఆపి. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

జేజి దిగి గోడ పట్టుకుని నిలబడింది. ముఖం సున్నం రంగులో ఉంది. "ఇది బండా నాయనా, మందుల సీసానా?" అంది. ఓళిగల మూట చంకన పెట్టుకుని ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రం తమ్ముడు దొడ్లో కూర్చుని ఏడుస్తూ, నిమ్మకాయ తినబట్టే ఇలా అయిందా అని నన్నడిగాడు. నేను అవునన్నాను. అప్పుడు నాకంత జాలి ఉండేది కాదు.

రెండు రోజులాగి మళ్ళీ బయలుదేరాం. ఈసారి కాంపౌండరు చెప్పిన మాత్ర వేశారు. కడుపు మీద పేపరు మడతపెట్టి చీర కుచ్చిళ్ళలో దోపారు. చేతిలో నిమ్మకాయ పెట్టారు. నాయన మాత్రం మొన్నటి వాసన ఇంకా ఉందేమోనని రెండో సెంటు సీసా తెచ్చి పెట్టాడు, మల్లెపూలది. ఊరంతటికీ సీట్లు కుట్టిన మనిషికి తల్లి ముక్కు సంగతి తట్టలేదు.

పెన్న వంతెనదాకా వచ్చాం. అక్కడ జేజి దిగి ఇసుకలో కూర్చుండిపోయింది. కడుపులో ఏమీ లేదు, అయినా వాంతి ఆగలేదు. అవతల బద్వేలు దారి అడవిలోకి పోతూ కనిపిస్తోంది. ఆమె ఆ దారి వంకే చూస్తూ ఉంది.

"నన్ను ఈడనే ఇడిసిపెట్టి పోండి" అంది.

"అట్లా అనొద్దమ్మా" అన్నాడు నాయన. చివరికి ఊరివైపు పోతున్న జట్కాను ఆపి ఆమెను ఎక్కించాం. గడ్డి పరిచిన ఆ జట్కాలో, గుర్రం వాసన కొడుతుంటే, మా జేజి ఇంటిదాకా నిద్రపోయింది. ఖాళీ కారుతో నాయన వెనకాలే మెల్లగా వచ్చాడు.

ఆ మర్నాడు బద్వేలు నుంచి లారీ డ్రైవరుతో కబురొచ్చింది. పెద్దజేజి గంజి కూడా మింగడం లేదని, ఎవరు లోపలికొచ్చినా నా చెల్లెలా అని అడుగుతోందని. అప్పుడు మేము సంగటి ముందు కూర్చుని ఉన్నాం. ఊరిబిండి పచ్చడి ఎంత కమ్మగా ఉన్నా ఎవరికీ ముద్ద దిగలేదు. అత్త ముందు నోరెత్తని అమ్మ, ఆ రోజు గరిటె కింద పెట్టి మాట్లాడింది.

"అత్తకు తిప్పేది బండి గాదు. మీరు దాంట్లో తెచ్చి పెట్టినారే, వాటికి తిప్పతాండాది."

"వాటిని చూసే గదా ఊరంతా మన గడప తొక్కతాండేది" అన్నాడు నాయన.

జేజి తలెత్తకుండానే అంది. "మీ నాయన ఏకిన దూది మీదయితే బద్వేలు ఏంది, మక్కాదాకా పోతా."

నాయన తింటున్న చేతిని అలాగే కడుక్కుని లేచిపోయాడు. ఆ మాట ఆయనకు ఎత్తిపొడుపుగా తగిలింది. నాకు జేజి మీద కోపమొచ్చింది. పాపం, ఆయన చేసిందంతా ఆమె కోసమే కదా అనుకున్నాను. కాసేపటికి వీధిలోంచి చరచర చప్పుడు వినిపించింది. పోయి చూస్తే నాయన ఎర్రటి ఎండలో కారు తలుపులు నాలుగూ తెరిచి, బ్లేడుతో తన కుట్లు తనే కోసేస్తున్నాడు. ప్లాస్టిక్, రెగ్జిన్, స్పాంజి, మ్యాట్లు, తెరలు, అన్నీ వీధిలో కుప్ప పడ్డాయి. అద్దాల మీది నల్ల ఫిల్ము గోళ్ళతో గీకి తీశాడు. కిరీటం సీసాను నా చేతిలో పెట్టి దూరంగా పారేసి రమ్మన్నాడు. సీట్లు నొక్కి చూసిపోయిన కాంట్రాక్టరు ఒకాయన అటుగా పోతూ "ఏమప్పా, కొత్తయి కుడతాండావా?" అని అడిగాడు. నాయన ఊ అన్నాడు.

కంపెనీ సీట్లకు కూడా కొత్త వాసన ఉండనే ఉంది. ఒక రోజంతా ఎండలో పెట్టాం. వేపాకు పొగ, సాంబ్రాణి పొగ వేశాం. జేజి వచ్చి తల లోపల పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది. "ఇంకా ఉండాది నాయనా" అంది. ఈసారి ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. తప్పు తనదే అన్నట్టు అంది.

నాయన నిచ్చెన వేసుకుని అటకెక్కి విల్లు దించాడు.

నారి ఎలకలు కొరికి తునకలైపోయింది. కసాయి వీధికి పోయి ఎండిన నరం తెచ్చి కొత్త నారి కట్టాడు. ఆదోని దూది ఒక మూట విప్పాడు. అంగడి మధ్యలో విల్లును పైనుంచి తాడుతో వేలాడదీసి కొయ్యగుండుతో కొట్టాడు. డబ్ మని మోగింది. మళ్ళీ కొట్టాడు. దూది లేవలేదు. చిన్నప్పుడు నేర్చుకున్న పని, చేతులు మరిచిపోయాయి.

నడవలో గోడకు ఆనుకుని కూర్చున్న జేజి ఇటు చూడకుండానే అంది. "వదులుగా ఉండాది. బిగించు."

నాయన బిగించి కొట్టాడు.

"ఇంగొంచెం."

ఇంకొంచెం బిగించాడు. ఈసారి టంయ్ మంది. జేజి ఎప్పుడూ విల్లు పట్టలేదు, మా ఇళ్ళలో ఆడవాళ్ళది గింజలు తీసే పని. కానీ కాపురమంతా ఆ మోత వింటూ గడిపిన మనిషి. అరగంటకు లేచి వచ్చి, పైకి లేచిన దూదిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఆ చెయ్యి వాసన చూసుకుంది.

"బాగా ఏకినావు. కానీ ఇది కొత్త దూది నాయనా. దీనికింకా చేను వాసన పోలేదు."

లోపలికి పోయింది. మంచం మీది పరుపును ఈడ్చుకుంటూ వచ్చి నాయన ముందు వేసింది.

"అది వద్దమ్మా" అన్నాడు నాయన. "నాయన చేసింది అదొక్కటే మిగిలిండాది."

"గడ్డ కట్టిండాది. మీ నాయన ఉండింటే ఎప్పుడో ఏకిండును. ఇప్పు."

నాయన కదల్లేదు. జేజే కింద కూర్చుని కత్తెరతో జేజినాయన కుట్లు ఒక్కొక్కటే కోసింది. కోసిన దారాలు పారెయ్యకుండా వేలికి చుట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. జేజి ఏడవలేదు, దూది తీసి విల్లు కిందికి జరిపింది.

ఆ మధ్యాహ్నమంతా మా అంగట్లో విల్లు మోగింది. గాల్లో దూది, నాయన మీసాల మీద దూది. ఆ మోత విని ఎదురింటి రెడ్డమ్మ తన పాత పరుపు నెత్తిన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఏకేవాళ్ళు వీధిలోకొచ్చారనుకుందట. లోపల నాయనను చూసి పరుపు దించి, "నువ్వేనా అబ్బయ్యా? మీ నాయన గుర్తొచ్చినాడు" అని అక్కడే కూర్చుంది. పొద్దు వాలేలోపు కారు వెనక సీటుకు సరిపోయే పరుపు తయారైంది. దానికి గలేబు జేజినాయన పాత పంచె. దాన్ని నాయన మిషను మీద కుట్టలేదు, సూదీ దారంతో చేతిమీదే కుట్టాడు.

మర్నాడు పొద్దున్నే, అమ్మ మళ్ళీ చేసిన ఓళిగలతో బయలుదేరాం. అద్దాలన్నీ దించేశారు. జేజి పరుపు మీద ముడుచుకుని పడుకుని చెంప ఆనించింది. పెన్న దాటాం. నాయన అద్దంలో వెనక్కి చూస్తూ చూస్తూ తోలాడు. అడవిలో మూడో మెలిక దగ్గర జేజి లేచి "ఆపు" అంది. నాయన గబుక్కున బ్రేకు తొక్కాడు. ఆమె నింపాదిగా దిగి, చుట్టూ చూసి, "ఈడనే దించినాడు ముదనష్టపోడు" అని కాండ్రించి ఉమ్మి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కింది. బద్వేలు చేరేసరికి మా అందరి ముఖాలూ దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఆమెకు ఒక్క వాంతి కాలేదు.

పెద్దజేజి మంచంలో చిన్నపిల్లంత అయిపోయి ఉంది. జేజిని చూసి వెంటనే గుర్తుపట్టింది.

"ఇంత సేపా వచ్చేదానికి?" అంది.

"నీ మాదిరి బస్సెక్కేదాన్నా నేను?" అంది జేజి. పక్కన కూర్చుని ఓళిగ చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టింది. పెద్దజేజి మింగింది. వెనకాల నిలబడిన పెదనాయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత జేజి అక్క వీపు కింద చెయ్యి పెట్టి చూసింది. పడక పుండ్లు పడ్డాయి. "నాయనా, ఆ పరుపు తీస్కరా" అని కేకేసింది.

నాయన, పెదనాయన మోసుకొచ్చి, మెల్లగా ఒత్తిగిలించి పరిచారు. పెద్దజేజి దాని మీద ఒదిగి, వేళ్ళతో పరుపును నొక్కి నొక్కి చూసింది. ఏటా పది రోజులు తను పడుకున్న దూది కదా.

"ఇది మరిది ఏకింది గదా" అంది.

"కాదక్కా. నా కొడుకు ఏకినాడు" అంది జేజి.

నాయన తలుపు దగ్గర ఉన్నాడు. బయటికి పోయాడు. నేను వెనకాలే పోయి చూస్తే, భుజం మీది తువ్వాలు తీసి కారు అద్దం తుడుస్తున్నాడు. ఒకే అద్దాన్ని, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. నేను పోయి ఆయన పక్కన నిలబడ్డాను. "నీళ్ళు తీస్కరా పాపా" అన్నాడు. నీళ్ళు అవసరం లేదని నాకూ తెలుసు, అయినా పోయి తెచ్చాను.

జేజి అక్కడే ఉండిపోయింది. సీతాఫలాల కాలం ముగిసే రోజుల్లో పెద్దజేజి పోయింది. పోయినవాళ్ళ పడక ఇంట్లో పెట్టుకోరు, ఆ పరుపును ఎవరో బీదవాళ్ళకు ఇచ్చేశారు. తిరిగి వచ్చేటప్పుడు జేజి ఉత్త సీటు మీదే కూర్చుంది. దారిలో రెండుసార్లు వాంతి చేసుకుంది.

నాయన ఆ తర్వాత కూడా ఊరందరికీ రెగ్జిన్ సీట్లే కుట్టాడు. బతుకు అదే కదా. తన కారుకు మాత్రం, జేజి బతికినన్నాళ్ళూ, దూది పరుపూ పంచె గలేబే వేశాడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. విల్లు మళ్ళీ అటకెక్కలేదు, అంగడి గోడకే వేలాడుతూ ఏడాదికోసారి ఇంట్లో పరుపుల కోసం కిందికి దిగేది. మీవాడు ఏకేది మానేసినాడా అని ఎవరైనా అడిగితే జేజి "యాల మానేస్తాడు?" అని ఎదురడిగేది. ఆ మాట వినిపించినప్పుడు నాయన మిషను తొక్కడం కాసేపు ఆపేవాడు.

ఇంతలో మా అమ్మాయి అంగట్లోంచి బయటికొచ్చింది. నల్ల రంగు కవర్లు, మ్యాట్లు, కెమెరా తీసుకుంది. బాగున్నాయన్నాను. బండి దానిది, ముక్కు దానిది. సెంటు సీసా మాత్రం నేనే లోపలికి తీసుకుపోయి బల్ల మీద పెట్టి వచ్చాను. అంగడతను బోసిగా ఉంటాదమ్మా అన్నాడు.

ఇంటికి పోయే దారిలో, కాటన్ ఎందుకడిగావమ్మా అని అమ్మాయి అడిగితే ఇదంతా చెప్పాను. కారు ఇంటి ముందు ఆపి కూడా అది దిగకుండా విన్నది.

"ఆ పరుపు ఏమైందో మరి" అంది.

నాకేం తెలుసు. దూదికి చావు లేదని, ఏడేళ్ళకోసారి ఏకితే తరాలకు వస్తుందని జేజి అనేది. ఆ లెక్కన బద్వేలులో ఎవరింట్లోనో, ఎవరి వీపు కిందో ఆ దూది ఇప్పటికీ ఉండాలి. గడ్డ కట్టి ఉంటుంది. మోసుకొచ్చి ఏకించుకుందామన్నా ఇప్పుడు వీధిలో ఆ మోత లేదు.